అత్తయ్య కూర్చునే చోటు

గత మాఘమాసంలో మా మేనత్తగారి ఇంటిని ఫోటోలు తీయడానికి కోనసీమ వెళ్ళాను. రెండు పగళ్ళూ ఒక రాత్రీ అక్కడ ఉన్నాను. తిరిగి వచ్చేసరికి నా ఫోనులో 143 ఫోటోలున్నాయి. వాటిని ఎవరికోసం తీస్తున్నానో మొదట నాకు తెలియదు. తెలిసిన తరువాత ఆ సంగతి అత్తయ్యకు చెప్పలేదు. అలా దాచిన ఒక్క రాత్రి గురించీ, చివరగా తీసిన ఒక్క ఫోటో గురించీ నాలుగు మాటలు రాసుకోవాలనిపించింది.

ఫోటోలు తీయడం నా వృత్తీ కాదు, విద్యా కాదు. బడిపిల్లలకు సంధులూ సమాసాలూ చెప్పుకుంటూ ముప్పై రెండేళ్ళు గడిపినవాణ్ణి. పుష్యమాసం చివర హైదరాబాదు నుంచి బావ ఫోను చేశాడు. అత్తయ్యకు ఒక్కగానొక్క కొడుకు, నాకంటే రెండేళ్ళు పెద్ద. "ఒరే, అమ్మ ఇల్లు వచ్చే వానలకు నిలబడేలా లేదు. నువ్వొకసారి వెళ్ళి లోపలా బయటా ఫోటోలు తీసి పంపు. తరవాత చూద్దామన్నా ఉండదు" అన్నాడు. ఆ చివరి మాట విన్నాక నేను ఇంకేమీ అడగలేదు. మర్నాడే బయలుదేరాను.

ఆ ఇంటితో నా సంబంధం చెప్పాలి. 1964లో, నా ఆరో ఏట, మా అమ్మ పోయింది. మూడో నెలలో నాన్న నన్ను తీసుకువచ్చి తన చెల్లెలి ఇంట్లో దింపారు. ఉద్యోగరీత్యా ఆయన ఊళ్ళు తిరిగేవారు. "వేసవి సెలవుల దాకా ఉంచుకో అమ్మా" అన్నారు. నేను పదకొండేళ్ళు ఉన్నాను. ఆ తరువాత భాషాప్రవీణ చదివినా, పండిత శిక్షణ పూర్తిచేసినా, ఆ ఇంటి దొడ్డిలోని కొబ్బరికాయలు అమ్మిన డబ్బుతోనే. మేను అంటే శరీరం గనుక తండ్రి తోబుట్టువు మేనత్త అయిందని పిల్లలకు పాఠం చెప్పేవాణ్ణి. చెప్పిన ప్రతిసారీ నా కళ్ళముందు ఒకే మనిషి ఉండేది.

మండువా లోగిలి చూడని చదువరుల కోసం రెండు మాటలు. నాలుగు వైపులా గదులు, నడుమ ఆకాశం. నాలుగు కప్పులూ లోపలికి వాలి ఉంటాయి. వాన కురిస్తే నాలుగు దిక్కుల నీరూ మండువాలో పడి, తూము గుండా దొడ్డిలోకి పోతుంది. మూలల్లో చూరు కింద గంగాళాలు పెట్టి ఆ నీరు పట్టేవారు. కందిపప్పు ఉడకడానికి వాననీటిని మించినది లేదని అత్తయ్య మాట. మండువా చుట్టూ వసారా, వసారా కప్పును మోస్తూ పన్నెండు టేకు స్తంభాలు. గోడలు రెండడుగుల మందం, గానుగ సున్నంతో కట్టినవి. ఎండాకాలం వీధిలో నిప్పులు చెరుగుతున్నా పడమటింట్లో చాప వేసుకుంటే నిద్ర పట్టేది. వేడిగాలి మండువా గుండా పైకి వెళ్ళిపోవడమే దానికి కారణమని పెద్దయ్యాక తెలిసింది. చిన్నప్పుడు మాత్రం అది అత్తయ్య మహిమే అనుకునేవాణ్ణి.

ఇల్లు పాతదే గాని మొండిది. వైనతేయ పాయకు దగ్గరి ఊరు కావడంతో వరద ముప్పు ఎప్పుడూ ఉండేది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటి నీరు వచ్చినప్పుడు మండువాలో మొలలోతు నిలిచింది. నీరు తీశాక మామయ్య వడ్రంగిని పిలిపించి, ఆగ్నేయమూల స్తంభం మీద నీరు వచ్చిన ఎత్తున ఒక గాటు పెట్టించారు. 1996 నవంబరు 6న కోనసీమను ఊపేసిన తుపాను దొడ్డిలోని కొబ్బరిచెట్లను సగానికి సగం పడగొట్టింది, పెంకులు లేపేసింది. ఇల్లు మాత్రం కదలలేదు. 2009లో మామయ్య పోయారు. అప్పటినుంచి అత్తయ్య ఒక్కతే. 1953లో పదహారేళ్ళ కోడలిగా కాలుపెట్టిన గడప అది. ఇప్పుడామెకు 87 దాటాయి.

నేను వెళ్ళేసరికి అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నది. "ఏరా, చెప్పా పెట్టకుండా? దారిలో ఏమైనా తిన్నావా?" అన్నది. తిన్నానన్నా వినకుండా ఉప్మా చేసింది. తింటూ, "ఇల్లు ఫోటోలు తీద్దామని వచ్చాను అత్తయ్యా, గుర్తుగా ఉంటాయి గదా" అన్నాను. ఆమె నా ముఖంలోకి కాసేపు చూసింది. "తియ్యి నాన్నా. దేవుడిగది తీసేటప్పుడు మాత్రం చెప్పు, దీపం పెడతాను" అన్నది.

ఇంటిని ఫోటో తీయడం ఇంత కష్టమని నాకు తెలియదు. మండువాలో వెలుతురు, గదుల్లో చీకటి. ఫోను తెరమీద ఏ చోటు ముట్టుకుంటే ఆ చోటికి తగినట్టు వెలుగు సర్దుకుంటుంది. వసారా కనబడాలని నీడను ముట్టుకుంటే మండువా తెల్లటి మంటలాగా అయిపోతుంది. మండువాను ముట్టుకుంటే వసారా మసిబారిపోతుంది. వెనక్కి జరుగుదామంటే గోడ అడ్డం. వెడల్పుగా తీసే కటకం పెడితే అంచున ఉన్న స్తంభాలు కల్లు తాగినట్టు ఒరిగిపోతాయి. మధ్యాహ్నమంతా తంటాలు పడ్డాక ఒకటి తెలిసింది. ఎండ పెంకుల మీదికి ఎక్కి, మండువాలో నేరుగా పడకుండా ఉన్న వేళ, అంటే పొద్దున ఏడింటికీ సాయంత్రం ఐదింటికీ, ఇల్లు తనంతట తాను కనబడుతుంది. మిగిలిన వేళల్లో మనం దాన్ని వెంటాడవలసిందే.

ఇంకో తప్పు కూడా చేశాను. వసారాలో నీలం రంగు ప్లాస్టిక్ కుర్చీ, దానిమీద మందుల డబ్బా, పక్కన ఊతకర్ర, దండెం మీద రెండు నేత చీరలు ఉన్నాయి. అవన్నీ తీసి గదిలో పెట్టడం మొదలుపెట్టాను.

"అవెందుకు తీస్తున్నావు?"

"ఫోటోలో బాగుండవు అత్తయ్యా. పాతకాలపు ఇల్లులా కనబడాలి గదా!"

"పాతకాలపు ఇల్లేమిట్రా? నేనిప్పుడు ఉంటున్న ఇల్లు గదా ఇది!"

తీసినవన్నీ మళ్ళీ తెచ్చి పెట్టాను. కుర్చీ ఎక్కడ ఉండేదో అంగుళం తేడా లేకుండా ఆమే చూపించింది. ఊతకర్ర ఏ చేతివైపు ఆనించాలో కూడా.

ఆ ఇంట్లో అంతకుముందు తీసిన ఫోటో ఒక్కటే ఉంది. 1970లో మామయ్య స్నేహితుడొకాయన ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరా పట్టుకుని వచ్చారు. ఒక రీలుకు పన్నెండు ఫోటోలు. ఎండ లేనిదే పని చేయని కెమెరా కావడం వల్ల అందరినీ మిట్టమధ్యాహ్నం మండువాలో నిలబెట్టారు. పడకకుర్చీలో మామయ్య, పక్కన బావ, కళ్ళు చికిలించుకుని నేను. అత్తయ్య ఆ ఫోటోలో లేదు. వచ్చినాయనకు పెసరట్లు పోస్తూ వంటింట్లో ఉన్నది. ఆ ఫోటో చావడి గోడకు ఇప్పటికీ వేలాడుతున్నది. దాన్నీ ఒక ఫోటో తీసుకున్నాను.

సాయంత్రానికి అరవై ఫోటోలు బావకు పంపాను. దీపాలవేళ ఫోను మోగింది. నేను వీధి అరుగు మీద ఉన్నాను.

"బాగున్నాయిరా. అయితే స్తంభాలు ఒక్కొక్కటీ విడివిడిగా కావాలి. పక్కన టేపు పెట్టి తియ్యి, కొలత తెలియాలి. వీధి తలుపు చెక్కడం దగ్గరగా తియ్యి. ఆ మూలస్తంభానికి గాటు ఉన్నట్టుందే, అది కాస్త నీడలోకి వచ్చేలా తీస్తే..."

"గాటు నీడలోకి రావడమేమిటి బావా? అదే గదా తీయవలసింది?"

అవతల కాసేపు మాట లేదు. తరువాత చెప్పాడు. పాత కలప కొనే వ్యాపారి ఒకరు బేరానికి వచ్చారట. ఇళ్ళు విప్పి, స్తంభాలూ తలుపులూ ద్వారబంధాలూ పట్టణాలకు అమ్ముతారట. కొత్తగా కట్టుకునే పెద్ద ఇళ్ళకూ హోటళ్ళకూ వాటికి మంచి గిరాకీ ఉందట. ఫోటోలు చూసి ధర చెబుతానన్నాడట. గాటు ఉంటే ధర తగ్గుతుందట.

నాకు కోపం వచ్చింది. కోపం నిలుపుకోవడానికి మాత్రం ఏమీ దొరకలేదు. 2022 వానల్లో అత్తయ్య నూతిగట్టు దగ్గర జారిపడి, తెల్లవారి పాలమనిషి వచ్చేదాకా అలాగే పడి ఉన్నది. తుంటి ఎముకకు శస్త్రచికిత్స చేయించి, మూడు నెలలు మంచం పక్కన కూర్చున్నది బావే. ఆయన గుండెకు రెండు స్టెంట్లు ఉన్నాయి. ఇక్కడికి వచ్చి ఉండలేడు. పెంకులు సర్దే మనిషి కోసం మూడేళ్ళుగా వెతికితే దొరకలేదు. వాసాలకు చెద పట్టింది. మరి నేను? నేను వచ్చి ఉంటానని అనగలనా? అనలేను. మా ఆవిడకు మోకాళ్ళు, మనవలకు బళ్ళు... కారణాలు అందరికీ ఉంటాయి, అన్నీ నిజమైనవే.

"అత్తయ్యకు చెప్పావా?" అని అడిగాను.

"ఎలా చెప్పనురా? నువ్వే మెల్లగా ఏదో ఒకటి..." అన్నాడు. గొంతు పూడుకుపోయింది. "సరే" అని పెట్టేశాను.

ఆ "సరే" అన్న మాటతో నేనూ ఆ పనిలో చేరిపోయాను. మర్నాడు పొద్దున టేపు పట్టుకోవలసింది నేనే.

ఆ రాత్రి వసారాలో మడతమంచం వేసి, దోమతెర కట్టింది అత్తయ్య. చెప్పాలని రెండుసార్లు నోరు తెరిచాను. రెండుసార్లూ మంచినీళ్ళు అడిగాను. అర్ధరాత్రి దాటాక గదిలోంచి ఆమె గొంతు వినబడింది.

"ఏమిట్రా అలా దొర్లుతున్నావు?"

"కొత్తచోటు గదా అత్తయ్యా..."

"ఇది నీకు కొత్తచోటా?"

జవాబు చెప్పలేదు. చూరు కింద తెల్లబడుతున్న ఆకాశం చూస్తూ తెల్లవార్చాను.

పొద్దున లేచి ముఖం కడుక్కుని వచ్చేసరికి అత్తయ్య ఆగ్నేయపు స్తంభం దగ్గర నిలబడి తడిగుడ్డతో దాన్ని తుడుస్తున్నది. "స్తంభాలు అన్నివైపులా తీశావా?" అన్నది. నేను నీళ్ళు నమిలాను. "వెనకవైపు కూడా తియ్యి. రెండో దానికి కింద చెద తిన్నది, అదీ తియ్యి. కొనుక్కునేవాడికి మోసం చేయకూడదు."

"అత్తయ్యా... నీకెలా తెలుసు?"

"పండక్కి ముందు ఒకతను వచ్చి మంచినీళ్ళు అడిగాడు. గ్లాసు ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో స్తంభాన్ని తట్టి చూశాడు. దాహమేసినవాడు స్తంభాన్ని తడతాడట్రా?"

నేను తల వంచుకున్నాను. ఆమె కోపంగా లేదు. స్తంభం తుడవడం ఆపకుండానే చెప్పింది. "ఇవి మాత్రం ఈ ఇంటివా ఏమిటి? మా మామగారి తండ్రి కొన్నారుట. లంకలో ఏదో ఊరు గోదావరి కోతకు పోతుంటే, ఒడ్డున ఉన్న ఇల్లు విప్పేసి అమ్మేశారుట. పడవమీద తెచ్చారుట ఇవన్నీ. ఆ ఇంట్లోనూ ఒక ఆడది ఉండే ఉంటుంది గదా? ఎవరో ఏమిటో..."

అరవై ఏళ్ళుగా ఆ స్తంభాలకు ఆనుకుని పెరిగిన నాకు ఈ కథ తెలియదు. ఎప్పుడూ అడగలేదు.

"మరి నువ్వు బావతో వెళ్ళడానికి..."

"వెళ్ళనన్నానా? అడిగితే గదా అనడానికీ మానడానికీ! వాడు నాకు చెప్పడానికి భయపడ్డాడు, బాగానే ఉంది. వాడి పని వాడిది. నీకేం భయంరా నాకు చెప్పడానికి?"

ఆ ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేదు. టేపు తెచ్చాను. ఒక కొస ఆమే పట్టుకున్నది. పన్నెండు స్తంభాలూ కొలిచి, చెద తిన్న చోట్లతో సహా అన్నీ తీశాను. గాటును మంచి వెలుతురులో తీశాను.

పని అయ్యాక ఫోను నా చేతిలోంచి తీసుకుని, ఒక్కొక్క ఫోటో జరిపించుకుని చూసింది. అన్నీ చూసి, "అన్నీ నువ్వు నిలబడి తీశావు" అన్నది.

"అవును."

"నేను ఈ ఇంటిని నిలబడి చూసింది తక్కువరా. వంటింట్లో పీట మీద కూర్చునే చూశాను. అక్కణ్ణుంచి ఒకటి తియ్యి. అది నాకు కావాలి."

వంటింట్లోకి వెళ్ళాను. మూలన గ్యాసు పొయ్యి ఉన్నా, పాత కట్టెలపొయ్యి గడ్డ అలాగే ఉంది. దాని పక్కన, గుమ్మానికి ఎదురుగా పీట. మోకాళ్ళు మొరాయిస్తుండగా దానిమీద కూలబడి, ఫోను కళ్ళకు ఎదురుగా పెట్టుకున్నాను.

ద్వారబంధం చట్రం కట్టినట్టు నిలబడింది. అందులో మండువా సగం, తులసికోట, ఆపైన పెంకుల అంచు, చారెడు ఆకాశం. సరిగ్గా నడిమధ్యన పడమటి వసారాలోని మూడో స్తంభం.

నా చేయి ఆగిపోయింది.

ఆ స్తంభం నాది. ఈ ఇంటికి వచ్చిన కొత్తలో, దీపాలు పెట్టే వేళకు అమ్మ గుర్తుకొచ్చినప్పుడు, నేను వెళ్ళి ఆ స్తంభం పక్కన కూర్చుని ఏడ్చేవాణ్ణి. ఎంతో ఆలోచించి ఎంచుకున్న చోటు అది. వీధిలోంచి కనబడదు. మామయ్య కూర్చునే చావడిలోంచి కనబడదు. బావ చదువుకునే గదిలోంచి కనబడదు. అలా ఎన్నాళ్ళు ఏడ్చానో లెక్క లేదు. ఎవరికీ తెలియకుండా ఏడ్చానని మాత్రం అరవై ఏళ్ళుగా నమ్ముతున్నాను. వంటింట్లోకి నేను వచ్చేది అన్నం పెట్టినప్పుడే. పీట మీద కూర్చుని బయటికి చూడవలసిన అవసరం నాకెప్పుడూ రాలేదు.

"అత్తయ్యా, ఇక్కణ్ణుంచి ఆ స్తంభం కనబడేదా?"

"కనబడకపోవడమేం? అందుకే గదా పీట ఇటు వేసుకున్నాను. లేకపోతే పొగ తగలకుండా పొయ్యికి అటువైపు కూర్చునేదాన్ని."

"మరి ఒక్కసారైనా పిలవలేదే?"

"పిలిస్తే ఏడుపు మింగేసి లేచి వచ్చేవాడివి. మర్నాడు ఇంకో చోటు వెతుక్కునేవాడివి. అది నాకు కనబడకపోతేనో?" అని, ఒక్క క్షణం ఆగి, "నిన్న రాత్రీ అంతే" అన్నది.

ఫోటో తీశాను. నా చేయి వణకడం వల్ల అంచులు కాస్త చెదిరాయి. ఇంకొకటి తీద్దామనుకున్నాను గాని తీయలేదు.

మధ్యాహ్నం అత్తయ్యే బావకు ఫోను చేసింది. "నేను వస్తానురా. వేసవిలో ఇక్కడి మామిడికాయ పచ్చడి పెట్టుకుని వస్తాను. ఆలోగా తొందరపెట్టకు" అన్నది. అవతలివైపు బావ ఏమన్నాడో నాకు వినబడలేదు. "ఊరుకోరా, ఊరుకో" అని మాత్రం ఈమె రెండుసార్లు అన్నది.

జ్యేష్ఠమాసంలో ఇల్లు విప్పారు. నేను వెళ్ళలేదు. బావ పట్టిక పంపాడు. స్తంభాలు 12, తలుపులు 9, ద్వారబంధాలు 9, దూలాలు 14. ఇల్లు అన్న పదం మరో పదాన్ని చేరినప్పుడు 'ఇంటి' అవుతుందని, అది ఔపవిభక్తికమని పిల్లలకు ముప్పై రెండేళ్ళు చెప్పాను. ఇంటి స్తంభం, ఇంటి తలుపు, ఇంటి దూలం. ఆ పట్టికలో ఏ మాట ముందూ 'ఇంటి' లేదు. గాటు ఉన్న స్తంభానికి వ్యాపారి ధర తగ్గించాడని అత్తయ్యకు చెబితే, "పోనీలే, వరదకు కట్టిన పన్ను" అని నవ్విందట.

ఇప్పుడామె హైదరాబాదులో బావ దగ్గర, నాలుగో అంతస్తులో ఉన్నది. చివరి ఫోటోను పెద్దది చేయించి, పటం కట్టించి తీసుకువెళ్ళాను. ఆ ఇంటి వంటగదిలో కూర్చునే చోటు లేదు. అంతా నిలబడి చేసేదే. అందుకని మంచానికి ఎదురుగా, కూర్చుంటే కంటికి ఆనే ఎత్తున తగిలించాం. అత్తయ్య కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూసింది. చివరికి, "తులసికోట పక్కన ఎండుటాకులున్నాయి చూడు. ఊడ్చాక తీయవలసింది" అన్నది.

మీలో ఎవరికైనా ఇటువంటి ఇల్లు ఇంకా మిగిలి ఉంటే వెళ్ళి ఫోటోలు తీయండి. పొద్దున ఏడింటికి తీయండి. కుర్చీలూ మందుల డబ్బాలూ తీసివేయకండి. ఎందుకు తీస్తున్నారో ఆ ఇంట్లో ఉన్నవారికి ముందే చెప్పండి. అన్నిటికంటే ముందుగా, వారు రోజూ కూర్చునే చోటు ఏదో అడిగి, అక్కడ ఒకసారి కూర్చోండి.